పోరనికి ఉరుస్తుంది

నిరుడు ఆగస్టులో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఇది మొదలైంది. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా తమ్ముడికి హీమోఫీలియా. దెబ్బ తగిలితే నెత్తురు సరిగా గడ్డకట్టదు. చిన్నప్పుడు వేడినూనె పడి కుడిచేతి వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి. ఎల్బీనగర్‌లోని ఒక ఆసుపత్రిలో, నెత్తురు గడ్డకట్టడానికి ఫ్యాక్టర్ ఎక్కించి, వేళ్లు విడదీసి, తొడ చర్మం తీసి అతికించారు. దాని కింద నెత్తురు చేరితే చర్మం బతకదని, మరోసారి ఆపరేషన్‌కు సాహసించలేమని డాక్టర్ ముందే చెప్పారు.

ఆపరేషన్ అయిన మరుసటి రోజది. బయట వాన. కట్టు పొడిగా ఉంది. తమ్ముడు మందుల మత్తులో ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు గదిలోకి వచ్చి పైకప్పు చూడసాగింది.

"ఎక్కడ కారుతోందండీ? మీ మావయ్యగారు చెప్పారు."

"ఏ మామ?" అన్నది అమ్మ.

"తెల్లచొక్కా ఆయన, గుమ్మం దగ్గర నిలబడ్డారే, బాబుకి మావయ్యనన్నారు. 'పోరనికి ఉరుస్తుంది, జర జూడుండ్రి' అన్నారు. ఉరవడమంటే వానకి కప్పు కారడమేగా? మీవాళ్ల మాట నాకు సగమే అర్థమవుద్ది."

అమ్మ లేచి నిలబడింది. "కప్పు కాదు బిడ్డా, చెయ్యి. జల్ది డాక్టర్‌ను పిలువు."

నల్లగొండ దగ్గర అమ్మవాళ్ల ఊళ్లో ఇల్లు కారితే ఉరుస్తుందంటారు. ఒంట్లో నెత్తురు కారడాన్ని కూడా అలా అన్నది ఒక్కరే, అమ్మ ఒక్కగానొక్క తమ్ముడు. ఆయనకూ ఇదే జబ్బు. నేను పుట్టకముందే, పన్ను పీకించుకున్నాక నెత్తురు ఆగక చనిపోయాడు.

డాక్టర్ కట్టు విప్పారు. చర్మం కింద నెత్తురు చేరడం అప్పుడే మొదలైంది. దాన్ని తీసేసి, ఫ్యాక్టర్ మోతాదు పెంచారు. చర్మం నిలిచింది.

ఆ సమయంలో రోగి దగ్గర ఉండేవాళ్లను తప్ప వేరే బంధువులను పైకి రానివ్వరు. ఎవరినీ పంపలేదని వాచ్‌మన్ చెప్పాడు. ఎవరైనా గది పొరబడ్డారేమోనని విచారించాను. ఆ అంతస్తులో మరో పిల్లవాడు లేడు. నర్సు తప్పుగా విని ఉండవచ్చు. కానీ ఆ మాటకు ఆ అర్థం ఉందని ఆమెకు తెలియదు. దీనికి నా దగ్గర ఇప్పటికీ వివరణ లేదు.

ఈ జబ్బు తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. కూతురినైన నాలోనూ అది దాగి ఉందేమో తేల్చే పరీక్షను, నా పెళ్లికి అడ్డమవుతుందని అమ్మ ఎన్నో ఏళ్లుగా వద్దంటూ వచ్చింది. తమ్ముడు ఇంటికి వచ్చిన వారంలోనే అమ్మే నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయి ఆ పరీక్ష చేయించింది.