ఏడు లచ్చుల పచ్చదారం

మా మేనత్తకు మతి చెడిందట. ఒకే పచ్చదారాన్ని ఐదుసార్లు కొన్నదట. కొన్న ప్రతిసారీ "ఈ రంగు నా దగ్గర లేదు" అని ఒట్టేసి మరీ చెప్పిందట. దారిలో ఎవరైనా పలకరిస్తే కళ్ళప్పగించి చూస్తూ వెళ్ళిపోతోందట.

ఈ మాట పుట్టింది దారాల కొట్టులో. అక్కణ్ణుంచి ఇస్త్రీ కొట్టుకు వెళ్ళి, అక్కణ్ణుంచి మా వీధికి వచ్చేసరికి ఐదు కాస్తా పదిహేనయింది. మా అమ్మ చెవిన పడేటప్పటికి అత్తయ్య ఆ దారాలతో మాట్లాడుతోంది కూడా.

అత్తయ్య నాన్న కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటినుంచీ ఓ మేడమీద ఒంటిగదిలో ఉంటోంది. ఆస్పత్రిలో చిరిగిన దుప్పట్లూ గలీబులూ బాగుచేసే గదిలో ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక రంగుదారాలతో ఎంబ్రాయిడరీ కుట్టుకుంటుంది. అమ్మడానికి కాదు, ఎవరికీ ఇవ్వడానికీ కాదు.

పుకారు విన్న నాన్న రెండు రోజులు ఆలోచించి ఓ నిర్ణయానికొచ్చాడు. అత్తయ్య చేత గది ఖాళీ చేయించి, మా వంటింటి వెనకున్న సామాన్ల గదిలో పెట్టాలని.

"ఒంటరి మనిషి. పొయ్యి ఆర్పడం మర్చిపోతే? రేపు ఏదైనా అయితే నలుగురూ నా మొహానే ఉమ్ముతారు" అన్నాడు.

తీసుకొచ్చేముందు నన్ను పంపారు. "పది రోజులుండు. ఏమేం మర్చిపోతోందో కనిపెట్టి చూడు. నువ్వెలాగూ నోరు విప్పవు, చూడ్డం ఒక్కటే కదా వచ్చు నీకు" అంది అమ్మ.

అది నిజమే. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకి ఒంట్లో బాగుండక నన్ను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించారు. ఆరు నెలల్లో మళ్ళీ చేరుస్తామన్నారు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. మాట్లాడని మనిషిని ఎక్కడికైనా పంపొచ్చు.

అత్తయ్య తలుపు తీసి నన్నూ నా సంచీనీ పైనుంచి కిందికి చూసింది.

"కాపలాకి వచ్చావా?"

నేను నేలచూపులు చూశాను.

"సరే, దొంగకి తిండి పెట్టకపోయినా పోలీసుకి పెట్టాలిగా. చెప్పులు అక్కడ విడువు."

గదిలో కిటికీ పక్కన మంచం. మంచం కింద రేకుపెట్టె. పెట్టె నిండా అట్టముక్కలతో చేసిన అరలు, అరల్లో దారపు లచ్చులు. ఏ లచ్చికీ నంబరు కాగితం ఊడిపోలేదు. ఎరుపులన్నీ ఒకపక్క, నీలాలు ఒకపక్క. పచ్చల అరలో మాత్రం ఒకే నంబరువి ఐదు లచ్చులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. దుకాణం ఆయన కల్పించి చెప్పలేదన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. గేటు దగ్గర నా సంచీ బోర్లించి చూశారు. ఆ గదికి ఓ కట్టుబాటుంది. బయటి దారం లోపలికి రాకూడదు, లోపలి దారం బయటికి పోకూడదు. ఆస్పత్రి దారం ఇళ్ళకి చేరకుండా ఎప్పుడో పెట్టిన నియమం.

లోపల నలుగురు ఆడవాళ్ళు, నాలుగు తెల్లటి గుట్టలు. అత్తయ్య దుప్పటిని రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టేది. చిన్న చిరుగైనా చుక్కలా మెరిసేది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, మడిచి, తర్వాతది ఎత్తేది. పక్కవాళ్ళు వదిలేసిన చిరుగులు కూడా ఆవిడే పట్టేది. "నీ కళ్ళు పాడుగానూ! అది చిరుగు కాదే, దోమ రెట్ట" అని పక్కావిడ నవ్వితే, "దోమకి ఇంత రెట్టుంటే నీకు రక్తం మిగిలేది కాదు" అంటూ వేలు దూర్చి చూపించింది. చిరుగే.

ఆ కిటికీలోంచి ఆస్పత్రి వెనక గోడ కనిపిస్తుంది. పైనుంచి దిగిన నీళ్ళ గొట్టం ఏనాటినుంచో కారుతూ ఉంది. అది కారిన మేర గోడ పొడుగునా పాచి. అత్తయ్య ఇంట్లో రింగు బిగించి కుడుతున్నది ఆ గోడనే.

"పూలున్నాయి, నెమళ్ళున్నాయి. పాచి కుట్టడమేమిటమ్మా?" అని అడిగింది పక్కావిడ.

"పూలకి నువ్వున్నావు, ఊళ్ళో అందరూ ఉన్నారు. పాచికి ఎవరున్నారు, నేను తప్ప?"

నాలుగు గంటలకి పని అయిపోయింది. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఆ గోడను కాసేపు కళ్ళార్పకుండా చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని గబగబా బయల్దేరింది. గేటు దగ్గర కాపలా ఆయన "ఏమ్మా, మేనకోడలా?" అన్నాడు. అత్తయ్య పలకలేదు. బస్సులో ఎదురుగా కూర్చున్నావిడ నవ్వింది. నవ్వలేదు. నేనేదో అనబోతే చెయ్యి నొక్కింది.

"రంగు కళ్ళల్లో పెట్టుకుని వెళ్తున్నా. మాట్లాడించకు, ఒలికిపోతుంది."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. దారం పట్టుకెళ్ళి గోడతో పోల్చి చూద్దామంటే గేటు దగ్గర ఒప్పుకోరు. గోడను ఊడదీసి ఇంటికి తెచ్చుకోలేదు. అందుకని రంగును కళ్ళల్లో మోసుకుంటూ దుకాణం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్తుంది.

దుకాణంలో నలభై రకాల పచ్చలు వరసగా వేలాడుతున్నాయి. ఆవిడ వేలు వాటి మీదుగా జారి ఒకచోట ఆగింది. "ఇదీ. నా దగ్గరున్నది దీనికంటే లేతది" అంది. దుకాణం ఆయన నాకు మాత్రం కనిపించేలా కనుబొమలెగరేశాడు. ఆ రోజు ఆవిడ కొనలేదు, నంబరు మాత్రం చూసుకుంది. ఇంటికొచ్చి చూస్తే అదే నంబరు. పచ్చల అరలో ఐదింటినీ చూసుకుని నెత్తి కొట్టుకుంది.

"గానుగెద్దు ఎంత తిరిగినా గాడిలోకే! ఇవాళ చిల్లర లేక బతికిపోయాను గానీ, లేకపోతే ఆరోది తెచ్చేదాన్నే."

మొదట్లో నేను రోజూ చూసినవన్నీ మనసులో పెట్టుకున్నాను. పొయ్యి ఆర్పిందా, ఆర్పింది. కుళాయి కట్టేసిందా, కట్టేసింది. ఒకరోజు బయటి తలుపుకి తాళంచెవి అలాగే వదిలేసి లోపలికొచ్చేసింది. అదీ గుర్తుపెట్టుకున్నాను.

ఆరో రోజు వాన పడింది. అన్నం డబ్బా ఇచ్చి వస్తూ ఆ గోడను చూశాను. తడిసిన పాచి ఎంత ముదురుగా ఉందంటే, ఈ రంగు అత్తయ్య పెట్టెలో లేనే లేదనిపించింది. నా దగ్గర బస్సుకోసం ఇచ్చిన డబ్బులున్నాయి. మాట్లాడకుండా ఉండటం నాకు కొత్త కాదుగా. కళ్ళల్లో ఆ రంగు పెట్టుకుని నడిచే వెళ్ళాను. నలభైలో ఒకదాన్ని తీశాను.

"అత్తయ్యకేనా? మళ్ళీనా?" అన్నాడు దుకాణం ఆయన.

నాకు కొత్తవాళ్ళతో మాట పెగలదు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. తీసుకుని వచ్చేశాను.

అత్తయ్య ఆ లచ్చిని చూసింది, పెట్టె తీసింది, ఐదింటి పక్కన పెట్టింది. అదే నంబరు. మంచం మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఒక పిచ్చిది చాలదని ఇంకోటి తయారైందిరా దేవుడా!"

తొమ్మిదో రోజు కూడా నేను అదే చేశాను. ఈసారి ఎండ కాసింది, పాచి లేతగా ఉంది, ఇది కచ్చితంగా వేరే రంగని నా మీద నేనే ఒట్టేసుకున్నాను. అదే నంబరు.

పదో రోజు ఆదివారం. నాన్న, అమ్మ ఖాళీ ట్రంకుపెట్టెతో వచ్చారు. కింద ఆటో ఆపి ఉంచారు. వస్తూ వస్తూ దారాల కొట్టులో ఆగి లెక్క కనుక్కొచ్చినట్టున్నారు. నాన్న నేరుగా మంచం కింది రేకుపెట్టె లాగి పచ్చల అరను మంచంమీద బోర్లించాడు.

"అక్కా, ఇవెన్ని?"

"నీకు లెక్కలు రావా? ఏడు."

"ఏడూ ఒకటేగా?"

"ఒకటే."

"మర్చిపోయేగా కొన్నావు?"

"మర్చిపోయే కొన్నాను. అయితే?"

నాన్న ఈ జవాబుకి సిద్ధంగా లేడు. కాదంటుందని, ఏడుస్తుందని అనుకున్నాడేమో.

"అయితే ఏమిటక్కా! ఇవాళ దారం, రేపు పొయ్యి. ఇక్కడ ఒక్కదానివే ఉండటం ఇంక కుదరదు. సామాను సర్దు."

అత్తయ్య లేచి ఆ ఖాళీ ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పినదాన్ని నేను. ఇప్పుడు నువ్వు నన్ను ఎత్తుకెళ్తావా? ఏదీ, ఎత్తు చూద్దాం."

"వదినా, మీ మంచికే కదా ఆయన..." అంది అమ్మ.

"నా మంచి నా దగ్గరే ఉంది మరదలా, పెట్టెలో కూడా వెయ్యలేదు. ఒరే, మీ ఇంట్లో టార్చిలైట్లెన్ని?"

అమ్మే ఆగలేక, "ఐదు. ఉన్నవి మర్చిపోయి కొంటూనే ఉంటారు, ఒక్కటీ వెలగదు" అంది.

"నోర్ముయ్యి" అన్నాడు నాన్న. తర్వాత నావైపు తిరిగాడు. "పది రోజులున్నావుగా. నువ్వు చెప్పు. ఏం మర్చిపోయింది?"

అందరూ నన్నే చూశారు, అత్తయ్య తప్ప. ఆవిడ కిటికీలోకి చూస్తోంది. ఏడులో రెండు నావని ఆవిడకి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, తన లెక్క తగ్గుతుంది. అనలేదు. నన్ను చెప్పమని సైగ కూడా చెయ్యలేదు. నేను ఆ రోజు కొట్టులో నోరు విప్పనందుకు ఈవిడ గది పోతోందని నాకు తెలిసిపోయింది.

"తాళంచెవి ఒకసారి తలుపుకే వదిలేసింది" అన్నాను.

"చూశావా!" అన్నాడు నాన్న.

"దారం ఐదుసార్లు మర్చిపోయింది. ఇంకో రెండూ నేను కొన్నాను."

"నువ్వెందుకు కొన్నావే?" అంది అమ్మ.

"పెట్టెలో లేదనుకుని. రెండుసార్లూ అదే అనుకున్నాను. నాకూ మతి పోయినట్టేనా?"

"దీనికి నోరెప్పుడొచ్చింది?"

నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఆరు నెలల్లో మళ్ళీ బడిలో చేరుస్తానన్నావు నాన్నా. ఐదేళ్ళయింది. నువ్వు మర్చిపోయావు. అయినా నిన్నెవరూ సామాన్ల గదిలో పెట్టలేదు."

కింద ఆటో అతను హారన్ కొట్టాడు. నాన్న కిటికీ దగ్గరికెళ్ళి కిందికి చూశాడు. అతను రెండోసారి హారన్ కొట్టాక, "వస్తున్నాం, ఉండవయ్యా! సామానేం లేదు" అని అరిచాడు.

అమ్మ మంచంమీది లచ్చులన్నీ ఏరి అరలో సర్దింది. ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసింది. "రంగు మాత్రం బావుంది వదినా" అంది.

"దానిమీద కన్నెయ్యకు" అంది అత్తయ్య.

ట్రంకుపెట్టె ఖాళీగానే మెట్లు దిగింది. నాన్న నన్ను రమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. నేను ఉండిపోయాను.

అత్తయ్య తాళంచెవులు నా చేతిలో పెట్టింది. "రెండున్నాయి. ఒకటి నీది. ఎవరు ఎక్కువసార్లు తలుపుకి వదిలేస్తామో చూద్దాం."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. పుకారు ఇంకా బతికే ఉంది. ఇప్పుడు పిచ్చి మేనకోడలికి కూడా అంటుకుందని చెప్పుకుంటున్నారు. మేమిద్దరం సాయంత్రాలు బస్సులో పక్కపక్కనే కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పకుండా కొట్టుదాకా వెళ్తాం. చెప్పుకునేవాళ్ళని చెప్పుకోనీ.

పేటలో ఎవరికీ తెలియని సంగతి ఒకటే. ఆ ఏడు లచ్చులూ మొన్న వానాకాలానికే అయిపోయాయి. కుట్టాల్సిన గోడ ఇంకా జానెడు మిగిలింది.