సిలాసు చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలు రెబ్కా భర్త సిలాసు ఢిల్లీలో ఫైర్‌మన్. ఆ మాటంటే మా రేపల్లె చుట్టాలు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. "ఢిల్లీ పోయినోళ్లు ఆఫీసర్లో నర్సులో అవుతారు గానీ, మంటలార్పే పనేందమ్మా?" అంటారు. సిలాసు వాళ్ల నాన్న ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా ఇక్కడికొచ్చాడు. సిలాసు ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పరుగు పరీక్ష నెగ్గి యూనిఫాం వేసుకున్నాడు. పెళ్లిచూపులకి డ్యూటీ దిగి తిన్నగా వచ్చేశాడు. పొగ కంపుకి మా అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, "అత్తయ్యా, ఈ సెంటు మూడు స్నానాలు చేస్తే గానీ వదలదు" అని పగలబడి నవ్వాడు. పిల్ల ఆ నవ్వుకే పడిపోయింది. నేను చెబుతున్నది ఆ మనిషి గురించే, కాకపోతే ఆ నవ్వు ఇప్పుడు లేదు.

పోయినేడాది ఒక పీజీ హాస్టల్లో మంటలు లేచాయి. సిలాసు వాళ్ల బండే ముందు వెళ్లింది. అతనితో పనిచేసే రఘువీర్‌కి రెండు చేతులూ కాలాయి. సిలాసుకి గీత కూడా పడలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాం, అంతకు మించి ఎవరం ఏమీ ఆలోచించలేదు.

తరువాత తరువాత తెలిసింది. కూతురు కెరెన్‌కి నర్సింగులో సీటొచ్చిందని చెబితే "అచ్ఛా" అన్నాడు. మా అమ్మ పోయిందని చెప్పినా అదే గొంతుతో "అచ్ఛా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెడామడా తిట్టాను కూడా. "సరే వదినా" అన్నాడు. తిడితే కనీసం మొహం చిన్నబుచ్చుకోవాలా వద్దా? రాయికి చెప్పినా ఒకటే, అతనికి చెప్పినా ఒకటే. స్టేషన్లో తనే అడిగి, బండి మీద నుంచి ఫోన్ల గదికి మార్పించుకున్నాడు. నీడపట్టున ఉంటాడులే అని మేమూ ఊరుకున్నాం.

ఇంతలో ఫైర్ సిబ్బందికి జీతాలు పెంచే బిల్లు సభలో పాసయింది. ఎన్నేళ్లుగానో ధర్నాలు చేసీ చేసీ గొంతులు పోయినవాళ్లు స్టేషన్లో లడ్డూలు పంచుకున్నారు. అయితే ఒక మెలిక ఉంది. బండెక్కి మంటల దగ్గరికి వెళ్లేవాళ్లకే పెంపు. ఫోన్ల గదిలో ఉన్నవాళ్లు కావాలంటే సోమవారంలోగా రాసిచ్చి మళ్లీ బండెక్కవచ్చు.

రెబ్కా ఎగిరి గంతేసింది. ఎండపొడ తగలని ఆ రెండు గదుల్లో దానికి ఊపిరాడక చాలా కాలమైంది. కిటికీ ఉన్న ఇల్లొకటి దాని ఆశ. పైగా, "మళ్లీ పనిలో పడితే మనిషి మామూలవుతాడు సరోజినక్కా" అంది.

"అతన్ని అడిగావా?"

"అడిగాను. సరే అన్నారు."

"ఓసి పిచ్చిదానా, ఈ ఏడాదిలో అతను దేనికన్నా కాదన్నాడా?"

వింటేనా! ఆదివారం మధ్యాహ్నానికి కృతజ్ఞత కూడిక పెట్టేసింది. మాలో మంచి జరిగితే పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడుకుని, మేలు పొందినవాడు లేచి సాక్ష్యం చెప్పాక, భోజనాలు పెడతాం. అతను కాయితం మీద సంతకమన్నా పెట్టకముందే కోడి పలావు దించేసింది. ఆలూ లేదు చూలూ లేదు సామెత ఊరికే పుట్టలేదు.

పాటలయ్యాక పాస్టరు నథానియేలుగారు, "సిలాసు బ్రదర్, ప్రభువు చేసిన మేలు చెప్పండి" అన్నారు.

సిలాసు లేచాడు. "ప్రభువుకు స్తోత్రం" అన్నాడు. అందరం అన్నాం. అక్కడే ఆగిపోయాడు.

"బోలో నా, పాపా" అని నాన్నని తొందరపెట్టింది కెరెన్.

"నాకు భయం పోయిందండీ" అన్నాడు సిలాసు.

"హల్లెలూయ!" అన్నారెవరో వెనక నుంచి. పాస్టరుగారి మొహం వెలిగిపోయింది. "భయాన్ని తీసివేసిన దేవునికి స్తోత్రం!" అన్నారు. చప్పట్లు కూడా మొదలయ్యాయి.

"అది కాదండీ" అన్నాడు సిలాసు. గొంతు పెంచలేదు, దించలేదు. "ఆ హాస్టల్లో పైనుంచి ఇద్దరు పిల్లల్ని మోసుకొచ్చాను. కింద పడుకోబెట్టి చూస్తే ఇద్దరిలోనూ ప్రాణం లేదు. మళ్లీ పైకెళ్లాను. అప్పటికే నాలో ఏమీ లేదు. ఎదురుగా గదంతా మంట. పోకూడదని తెలుసు. పోయాను. రఘువీర్ వెనకాలే వచ్చి నన్ను లాగాడు. వాడి చేతులు కాలుతుంటే నిలబడి చూశాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ ఏమీ అనిపించట్లేదు. భయం లేనోడు బండెక్కితే వాడొక్కడే పోడండీ. వెనకాల ఇంకొకడొస్తాడు. అందుకే రేపు కాయితం ఇవ్వను."

రెబ్కా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"లోపల నేనుంటే?" అని అడిగింది.

సిలాసు ఆలోచించాడు. అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని ఆ క్షణంలో నాకనిపించింది.

"వస్తాను రెబ్కా. కానీ ఏమీ అనిపించదేమో."

అది గుమ్మం పట్టుకుని నిలబడింది. పడిపోతుందేమోనని నేను లేవబోయాను. పడలేదు.

"అయితే ఎక్కొద్దు. ఇవ్వకండి కాయితం" అంది.

పాస్టరుగారు బైబిలు తెరిచి, మూసి, "మరి అమ్మా, ఇప్పుడు కృతజ్ఞత ప్రార్థన..." అని నసిగారు.

"చెయ్యండి అయ్యగారూ" అంది రెబ్కా. "ఆ మంటల్లోంచి ఈయన ఇంటికొచ్చిన రోజున నేను కూడిక పెట్టలేదు. ఎవరినీ పిలవలేదు, స్తోత్రమన్నా చెప్పలేదు. జీతం పెరిగిందంటే గుర్తొచ్చింది నాకు. ఆ రోజు ఈయన తిరిగొచ్చినందుకు చెయ్యండి."

ఆయన గొంతు సర్దుకుని మొదలుపెట్టారు. రెబ్కా భోరుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. సిలాసు మాత్రం కళ్లు మూసుకోకుండా మా ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాడు, పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టు.