మా ఊరి హార్బరు

సముద్రం ఏ దిక్కున ఉంటుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా మాది రేవు పట్నమేనని ఊరంతా నమ్మింది. నయాపైసలు కొత్తగా వచ్చిన కాలం అది. శెనక్కాయల మండీ షావుకారు ఒకసారి మద్రాసు వెళ్ళి ఓడలు చూసి వచ్చాడు. మరునాటి నుంచీ మా రైల్వే గూడ్సు షెడ్డును హార్బరు అనడం మొదలుపెట్టాడు. చుట్టూ ముళ్ళకంప, ఎర్రదుమ్ము, నీడన పడుకున్న కుక్కలు. అదీ హార్బరు.

ఊరి చరిత్రా ఆయనే చెప్పేవాడు. రైలు రాకముందు మా ఊరికి చరిత్రే లేదట. రైలు వచ్చాక ఆయన తాత వచ్చాడట. దాంతో చరిత్ర ముగిసింది. ఇక వ్యాపారమంటారా, ధర ఎందుకు పడిపోయిందని రైతు అడిగితే ఆకాశం వైపు చూసి "ఓడ రాలేదప్పా" అనేవాడు. మడకశిర దారిన బండి తోలుకొచ్చిన రైతు ఆయన చెప్పిన ధరకే కాయలు పోసి పోయేవాడు. చివరికి టీ హోటల్లో పలకరింపు కూడా "ఓడ వచ్చినాదా అన్నా?" అయింది. వాన సంగతి అడగడం మానేసి ఓడ సంగతి అడిగే కరువు సీమ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మా నాయన ఆ షెడ్డులో హమాలీ. మూటలు మోస్తేనే మా పొయ్యి వెలిగేది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊరి బావులన్నీ ఎండిపోయి, మండీ వెనక షావుకారు బావి ఒక్కటే మిగిలింది. అమ్మ చంకన కడవతో వెళ్ళి అడిగింది.

"నీళ్ళు యాడుండాయి తల్లీ? అడుగున బురద తప్ప ఏం లేదు" అన్నాడు షావుకారు, మీసం మీది తడి తుడుచుకుంటూ.

అమ్మ నమ్మింది. ఎండిన వాగు వంకలో చెలమ తోడి, ఆ బురదనీళ్ళే గుడ్డలో వడగట్టి మాకు తాగించింది. కొన్నాళ్ళకు నాయన తడి చొక్కాతో ఇంటికొచ్చాడు. కిందటేడు కొన్న కాయలు తూకంలో బరువు రావాలని షావుకారు అదే బావి నీళ్ళు మూటల మీద చల్లిస్తున్నాడట.

అమ్మ మళ్ళీ కడవెత్తుకొని పోయింది. "ఏం సావుకారీ, శెనక్కాయలకు దప్పికైనాదా? మా పిల్లోళ్ళకు కాలేదా?" అని గుమాస్తాల ముందే అడిగింది.

"యాపారం నీకేం తెలుస్తాది, పోమ్మా" అని ఆయన తలుపు వేయించాడు. ఆ తలుపు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తడి మూటలు వ్యాగన్లలో ఉడుకుతూ మద్రాసు చేరాయి. చేరినవి చేరినట్టే తిరిగొచ్చాయి. చూడ్డానికి ఊరంతా హార్బరుకు కదిలింది. నాయన వ్యాగను తలుపు లాగాడు. సగం కాయలు బూజు పట్టాయి. మిగతావాటి మొలకలు గోనెసంచుల సందుల్లోంచి తెల్లగా తొంగి చూస్తున్నాయి. ఆ ఏడు మా తాలూకాలో మొలకెత్తిన చేను అదొక్కటే. జనం విరగబడి నవ్వారు. షావుకారు మాత్రం ఆకాశం వైపు చూడలేదు.

మా నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మద్రాసువాళ్ళు మా ఊరి సరుకుకు దూరం నుంచే దండం పెట్టారు. షెడ్డుకు తాళం పడింది. నాయనకు పని పోయింది. మూటాముల్లె కట్టుకొని కూలి వెతుక్కుంటూ మేం రైలెక్కడానికి వచ్చిన రోజు, మూతపడిన షెడ్డు ముందు షావుకారు ఒంటరిగా కూర్చొని ఉన్నాడు. అమ్మ చంకలో ఖాళీ కడవతో ఆయన ముందు ఆగింది.

"ఆ నీళ్ళు మా పిల్లోళ్ళు తాగింటే, నీ హార్బరు ఈపొద్దుకూ ఉండేది కదప్పా" అంది.