బంట్వారం నరబలి

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, పుష్యమాసంలో, బంట్వారం దగ్గరి పురావస్తు తవ్వకానికి నన్ను మార్క్స్‌మన్‌గా వేశారు. తుపాకీతో సంబంధం లేదు. దొరికిన పెంకునో ఎముకనో కడిగి, ఆరబెట్టి, ఎక్కడ ఎంత లోతున దొరికిందో దానిమీద నల్లసిరాతో రాసేవాడే మార్క్స్‌మన్. అదేమిటో మాత్రం చెప్పకూడదు. అందుకు డాక్టరేటున్న క్యాంపు ఆఫీసరు ఉంటారు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఎముకలు నేర్చింది తాండూరు మటన్ దుకాణాల వెనక. తలలు, కాళ్లు అడిగి తెచ్చి, దోమతెర గుడ్డలో మూటగట్టి పెరట్లో పాతి, నెలల తర్వాత తీసి, జంతువు పేరూ వయసూ చీటీ రాసి డబ్బాల్లో దాచేవాణ్ణి. ఆఫీసరు దాన్ని ‘పాయా మ్యూజియం’ అని నవ్వేవారు.

నాలుగో ట్రెంచిలో, అంటే తవ్విన కందకంలో, మోకాలి లోతున, వేలంత సన్నటి ఎముకలు కుప్పగా బయటపడ్డాయి. ఆయన భూతద్దంతో రెండు నిమిషాలు చూసి, “పసిపాపలు. నరబలి!” అని తేల్చేశారు. నా కంటికవి గొర్రెపిల్లలవి. ఆయన పుస్తకాల్లో బొమ్మలన్నీ ఎదిగిన గొర్రెలవే. పుట్టినప్పుడు ఎముకల కొసలు అతుక్కుని ఉండవు. మనిషివైనా గొర్రెవైనా మొండి పుల్లల్లా ఉంటాయి. ఆయన వెంటనే పొలమంతా తాళ్లు కట్టించి, పోలీసులకూ పత్రికలకూ ఉత్తరాలు మొదలుపెట్టారు.

పొలం ఏసమ్మది. కంది ఎండి కోతకొచ్చింది.

“వారమాగితే కాయ పగిలి గింజంత నేలపాలైతది సారూ. నేనేం తినాలె, మీ తాళ్లా?”

“ఇది చరిత్రమ్మా!”

“చరిత్ర ఇన్నొద్దులు ఆగింది గద, ఇంకో వారం ఆగదా? కంది ఆగది.”

నాకు ఉండబట్టలేదు. “సార్, ఇవి మనుషులయి కావు, గొర్రెలయి. రేపు పొద్దుగాల దాంక ఆగుండ్రి, చూపిస్త,” అన్నాను.

“నువ్వు నంబర్లు రాయవయ్యా,” అన్నారు. కానీ ఉత్తరాలు ఆపారు.

మర్నాడు మొదటి బస్సుకు ఇంటినుంచి ఒక డబ్బా తెచ్చాను. పుట్టగానే చచ్చిన గొర్రెపిల్ల కాలిఎముకను తవ్వకంలో దొరికినదాని పక్కన పెట్టాను. గొర్రెకు గిట్టపైన రెండు ఎముకలు కలిసి ఒకటవుతాయి. అతుకు దగ్గర సన్నటి గాడి మిగులుతుంది. మనిషికి అలాంటి ఎముకే లేదు. రెండింటికీ గాడి ఉంది. ఆఫీసరు మట్టేమోనని గోటితో గీకి చూశారు. మట్టి కాదు.

ఆయనకు బలి మీద ఆశ చావలేదు. “అయితే గొర్రెపిల్లలనే బలిచ్చారన్నమాట. లేకపోతే ఇన్ని ఒకేచోట ఎందుకుంటాయి?”

ఏసమ్మ పకపకా నవ్వింది. “ఈతల కాలంల చచ్చినయాటిని దొడ్డి పక్కనే పాతిపెడ్తం సారూ. యాడనో పారేస్తే కుక్కలు రుచి మరిగి బతికున్నయాటి మీద పడ్తయి. గింత తెల్వదా?”

ట్రెంచి అంచును ఇంకాస్త గీకితే, గుంజలు పాతిన గుంతలు వరసగా కనిపించాయి. బలిపీఠం కాదు, గొర్రెలదొడ్డి. తాళ్లు విప్పారు. ఏసమ్మ ఆ రోజే కొడవలి పట్టింది.

నివేదికలో అది ‘నిపుణుల సూక్ష్మ పరిశీలన’గా అచ్చయింది. నిపుణుడు ఆయనే. ఏసమ్మ పేరూ లేదు, నా పేరూ లేదు.

ఈ పనిలోకి వచ్చేవారికి చెప్పేదొకటే: ఎముకకు పేరు పెట్టేముందు అదే వయసు జంతువు ఎముకను పక్కన పెట్టి చూడండి. అది దొరక్కపోతే ‘తెలియదు’ అని రాయండి. నా ఉద్యోగకాలమంతటిలో ఏ డాక్టరేటూ ఆ మాట రాయగా నేను చూడలేదు.