ఆయన ఏడాది భోజనానికి అరిటాకు

ఇదివరకు పొద్దున లేవగానే ఆయనకి టిఫిన్ డబ్బా సర్దేదాన్ని. ఇప్పుడు తడిగుడ్డ తీసుకుని, హాల్లో గాజు తలుపు పక్కనున్న అరటిచెట్టు ఆకులు తుడుస్తున్నాను. హీటరు గాలికి ఆకు ఊరికే ఎండిపోతుంది. జనవరిలో మా ఆయన ఏడాది. ఆ రోజు భోజనం ఈ చెట్టు ఆకులోనే పెట్టాలని నా కోరిక.

మా ఆయన పేరు వీరరాఘవులు. విండ్సర్‌లో కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. మేం ఈ చలిదేశం వచ్చిన కొత్తలో, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ చెత్త పక్కన పెట్టిన కుండీని ఆయన ఇంటికి మోసుకొచ్చారు. అందులో వేలెడంత అరటి పిలక.

"ఈ చలిలో అరటేమిటండీ?" అన్నాను.

"మనం బతకట్లా?" అన్నారు.

ఏటా మంచు పడకముందే ఆకులన్నీ కోసేసి, బోదెని దుంపతో సహా పెకలించి, పాత దుప్పటి చుట్టి బేస్‌మెంట్‌లో పడుకోబెట్టేవారు. చుక్క నీళ్లు పోయనిచ్చేవారు కాదు. "వేసవంతా తిన్నది దుంపలో దాచుకుంది. దాన్ని నిద్రపోనీ," అనేవారు. మే నెలలో మళ్లీ పెరట్లో పాతేవారు. ఓ ఏడు బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి దుంప కుళ్లింది. కుళ్లు చెక్కేస్తే నిమ్మకాయంత మిగిలింది. ఇంకో ఏడు తొందరపడి ఏప్రిల్‌లో పాతితే మంచుకి మాడిపోయింది. రెండుసార్లూ పారేయమన్నాను. రెండుసార్లూ లేచింది. గెల మాత్రం ఎన్నడూ వెయ్యలేదు.

ఊళ్లో తెలుగువాళ్ల వ్రతాలకి ఆకులు మా పెరట్లోంచే వెళ్లేవి. అయితే నడిమధ్యన కొత్తగా విచ్చుకునే మొవ్వాకుని మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఓసారి మా వీధి పద్మ దాని మీదే చెయ్యి వేసింది.

"అన్నయ్యగారూ, ఈ ఒక్కటీ ఇస్తే మీ చెట్టు అలుగుతుందా?"

"నువ్వు సగం జడతో పేరంటానికి వెళ్తావా అమ్మా? దాన్నీ అలా పంపకు."

పద్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

పోయిన జనవరిలో వాకిట్లో మంచు తోస్తూ పడిపోయారు. మళ్లీ లేవలేదు. పదకొండో రోజు భోజనాలకి మా అబ్బాయి జయదేవ్ ఫ్రోజెన్ ఆకులు తెచ్చాడు. అవి కరిగి, నల్లబడి, ఎక్కడికక్కడ చీలిపోయాయి. ఊరందరికీ ఆకులిచ్చిన మనిషికి కాగితం ప్లేటులో పెట్టాం. చెట్టేమో కింద దుప్పట్లో పడుకుని ఉంది. అక్టోబర్‌లో ఆయన ఆకులు కోస్తుంటే బుట్ట పట్టుకున్నది నేనే. ఒక్కటైనా ఉంచమని అనలేదు. ఎలా తోస్తుంది?

అందుకే ఈసారి ఆకులు కొయ్యనివ్వలేదు. కుండీలోకి మార్పించి హాల్లో పెట్టించాను.

"చచ్చిపోతుందమ్మా. నాన్న ఎప్పుడూ ఇలా చెయ్యలేదు," అన్నాడు జయదేవ్. "మార్కమ్‌లో మన కొట్లలో మంచి లీవ్స్ దొరుకుతాయి, నేను తెస్తాగా."

"తెచ్చావుగా పోయినసారి," అన్నాను. అలా అని ఉండాల్సింది కాదు.

డిసెంబరంతా ఒక్కో ఆకూ ఎండిపోయింది. బోదె సన్నబడింది. ఏడాది నాటికి మిగిలింది అప్పుడే విచ్చుకున్న మొవ్వాకు ఒక్కటే. లేతగా, బయటి మంచు వెలుగుకి ఈనెలన్నీ కనిపిస్తూ ఉంది.

వంటకి సాయం వచ్చిన పద్మ, "కోసెయ్ వదినా. కోసేసి బేస్‌మెంట్‌లో పెట్టెయ్, మేలో అదే లేస్తుంది," అంది.

కత్తి తీసుకుని వెళ్లాను. కుండీలో చెయ్యి పెట్టి దుంప నొక్కి చూశాను. మెత్తగా ఉంది. వేసవిలో దాచుకున్నదంతా మూడు నెలలు మెలకువగా ఉండి ఖర్చు చేసేసుకుంది. ఇక నిద్రపోవడానికి దాని దగ్గర ఏమీ లేదు. నా కోరిక కోసమే దాన్ని నిద్ర లేకుండా కూర్చోబెట్టాను. ఈ ఆకు కూడా తీసేస్తే మే దాకా ఉండదు.

"అమ్మా, నేను కొయ్యనా?" వెనక నుంచి జయదేవ్.

"వద్దురా. నాన్న కంచం కడుగు."

ఆయన రోజూ తినే స్టీలు కంచంలోనే వడ్డించాం. పప్పు, అరటికాయ వేపుడు, గారెలు, పరమాన్నం. ఆకులో పెట్టలేకపోయానన్న బాధ అలాగే ఉంది. అందరూ తిన్నాక కత్తి కడిగి స్టాండులో పెట్టేశాను. ఆకు కొయ్యలేదు.