గోపాలప్ప మామ ముడి

మా గోపాలప్ప మామకు ఏదైనా వదులుగా కనిపిస్తే నిద్ర పట్టదు. కట్టేయాల్సిందే! నడుముకు ఎప్పుడూ నైలాన్ తాడు చుట్టుకోనుంటాడు. అవ్వ కళ్ళద్దాలకు తాడు, మా అమ్మ సెల్‌ఫోనుకు తాడు, నా స్కూటరు తాళానికి తాడు. పాతపాళ్యలో పెండ్లికి పోయి సాంబారు బకెట్టును బల్లకాలికి కట్టేసినాడు. రెండో పంక్తికి సాంబారే లేదు. తన చెప్పులు మాత్రం కట్టుకోడు. ఈ ఏడాది మూడు జతలు పోగొట్టుకున్నాడు.

చింతామణి మండీలో ఆయన కట్టిన లారీ లోడు నుంచి ఒక్క ఉల్లిగడ్డ కింద పడింది లేదు. అందుకే, నేను మొదటిసారి రెండు నూర్ల మూటల ఉల్లిగడ్డ మంగళూరు రేవు నుంచి సముద్రం నడుమ ఉండే ఒక దీవికి తీసకపోతా, ఆయన్నీ పిల్చుకోనిపోతి. పోయేది మంజిలో, అంటే తెరచాపల కొయ్య ఓడలో. సరుకు తడవకుండా దిగితే ఏడాదంతా ఆర్డరు నాదే. తడిస్తే మళ్ళీ మా నాయన అంగట్లో తక్కెడ పట్టుకోవాల.

"మామా, ఎప్పుడన్నా సముద్రం చూసినావా?"

"చూడల్యా. ఏం, వదులుగా ఉండాదా?"

రేవులో నేను టీ తాగొచ్చేలోపల ఓడ మీద ఒకటే కేకలు. మామ మూటల మీద ఏదో పెద్ద గుడ్డ కప్పి, లారీకి కట్టినట్ల బిగించి కట్టేసినాడు. అది తెరచాప!

"టార్పాలనుకున్నావా? దిగు నా ఓడ!" అని తండేలు కన్నడలో అరుస్తాండాడు. ఓడ నడిపే పెద్దాయన ఆయనే.

మామ మెల్లగా, "దిగుతా సామీ. ముడి మీవాళ్ళు విప్పుకుంటారా?" అన్నాడు.

ఓడలో పనిచేసే ఖలాసీలు నలుగురు అరగంట పీకినారు. ఒకడు పండ్లతో కూడా పీకినాడు. ఊహూఁ! మామ వచ్చి ఒక కొస లాగితే సర్రున ఊడొచ్చింది. తండేలు నోరు తెరిచినాడు.

"అదో టార్పాలు. దాన్ని కట్టు. దీవిలో విప్పేకి నువ్వే రావాల!"

రేవు దాటగానే నాకు వాంతులు. ఓడ అంచు పక్కనే పడుకుంటి. రెండోరోజు మధ్యాహ్నం గాలి లేచింది, ఓడ ఒరిగింది. నీళ్ళ పీపా, వంటపాత్రలు సముద్రం పాలు. వాటెనకే నేనూ జారినాను. "అమ్మో!" అనేలోపల నడుము పట్టి ఎవరో గుంజినట్లయింది. చూస్తే నా బెల్టుకు తాడు. ఇంకో కొస మామ నడుముకు.

"ఎప్పుడు కట్టితివి మామా?"

"నువ్వు కక్కి పడుకుంటివే, అప్పుడు."

"ఆ తెరచాప స్తంభానికి కట్టుండొచ్చు కదా?"

"నువ్వు పడితే స్తంభం నీ వెంట దూకుతాదేమిరా అల్లుడా? మా అక్కకు నిన్ను అప్పగించొద్దా?"

అప్పుడు తలకెక్కింది నాకు. ఈ మనిషి ఇన్నేళ్ళు కట్టినవన్నీ మావే, తనది ఒక్కటీ లేదు. వాంతులు మరిచిపోయి నవ్వుకుంటి.

దీవిలో టార్పాలు తీస్తే ఒక్క మూట తడిస్తే ఒట్టు! సరుకు కొన్నాయన అక్కడికక్కడే, "ఏడాదంతా మీరే పంపండి" అనేసినాడు. ఖలాసీలు మామను భుజాల మీదికెత్తి రేవంతా ఊరేగించినారు. ముందు తండేలు ఈలలు.

మా ఇద్దరి నడుం తాడు ఇంకా విప్పలేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. కట్టేసిన దూడ మాదిరి వాళ్ళ వెనకే నేనూ పరిగెత్తినాను. విప్పమని నేనూ అడగలేదు.

నా చేతిలో మామ చెప్పులు. ఈసారి పోనిస్తినా!