మిరప కళ్లంలో కబడ్డీ

నేను ఊరికి చేసిన సేవల్లో ఒకదాన్ని మా వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. కూర్చోండి, చెబుతాను. మధ్యలో దగ్గొస్తే నా పూచీ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు నేను కార్యదర్శిని. జిల్లా పోటీలకు వెళ్లాలంటే క్రీడా సంఘం గుర్తింపు కావాలి. మైదానం ఉంటేనే గుర్తింపంటుంది సంఘం. గుర్తింపున్న జట్టుకే మైదానమంటుంది ప్రభుత్వం. ఈ ఏడూ వెళ్లకపోతే ఆట మానిపిస్తానని కెప్టెన్ నాగమణికి వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు.

దాంతో ప్రభుత్వ క్రీడాధికారినీ, సంఘం అధ్యక్షుణ్ణీ ఒకే పూట ఆట చూడటానికి పిలిచాను. స్థలం ఊరి పోరంబోకు. వేసవిలో అక్కడే మిరపకాయలు ఆరబోస్తారు. ముందురోజు కాయలు ఎత్తించి, నేల శుభ్రంగా ఊడిపించాను.

"నీళ్లు చల్లించన్నా, ఘాటు లేస్తది," అంది నాగమణి.

"చుట్టూ కాయల బస్తాలుంటే నీళ్లేంటమ్మా? అయినా ఘాటెక్కడుంది, నాకేం తెలియట్లేదే."

పుట్టినప్పటి నుంచీ మిరపఘాటు పీల్చిన ముక్కు నాది. దాని మాట నమ్మాను.

ఆట మొదలైంది. దుమ్ము లేచింది. కూతకెళ్లిన ప్రతి పిల్లా గీత దాటగానే తుమ్మడం, కూత తెగడం, అవుటవడం.

"ఎవరూ పట్టకుండానే అవుటవుతున్నారేంటయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"మా డిఫెన్స్ అలాంటిదండి," అన్నాను.

ఈలోగా అధికారి గారి కళ్లు చింతనిప్పులయ్యాయి. పాపమని నా భుజం మీది తువ్వాలు అందించాను. ఆయన కళ్లు గట్టిగా తుడుచుకున్నాక గుర్తొచ్చింది, పొద్దున ఆ తువ్వాలుతోనే మిరప బస్తాలు దులిపానని.

"ఇక్కడ మైదానం కుదరదు," అన్నాడాయన కళ్లు మూసుకునే.

"జట్టూ కుదరదు," అన్నాడు అధ్యక్షుడు ముక్కు మూసుకుని.

నాగమణి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మిరప వల్లో నా వల్లో అడిగే ధైర్యం చాల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎన్నేళ్లకో ఇద్దర్నీ ఒక్కమాట మీదికి తెచ్చావన్నా," అంది.

తర్వాత ఆ పిల్ల పొన్నూరు దగ్గర మేనత్త ఊరి జట్టులో చేరి పోటీలకు వెళ్లింది. అక్కడ వరి తప్ప మిరప వెయ్యరు. ప్రభుత్వం కూడా మాకు అన్యాయం చెయ్యలేదు. మా స్థలాన్ని కళ్లారా చూసింది కదా, కాయలు ఆరబెట్టుకోవడానికి సిమెంటు కళ్లం మంజూరు చేసింది.

అందుకే నడిబజారులో నిలబడి ఒట్టేశాను: ప్రభుత్వాన్నీ, క్రీడా సంఘాన్నీ ఈ జన్మలో మళ్లీ ఏకం చెయ్యను.